మూడు ముద్దల బరువు

ఆదివారం తొమ్మిదింటికి తువాస్ లింక్‌లో రైలెక్కాను. ఒళ్ళో నాలుగు గిన్నెల క్యారేజీ. దిగాల్సింది పాసిర్ రిస్‌లో. ఆకుపచ్చ లైనుకి ఇదొక కొస, అదొక కొస. పద్దెనిమిదేళ్ళ నించి ఈ సింగపూర్‌లో ఉన్నాను గానీ ఆ కొసకి ఎన్నడూ పోలేదు. అక్కడికి జనం సముద్రం చూడ్డానికి పోతారు. నేను రోజూ సముద్రం మీదే ఉంటాను, ఓడ పొట్టలో. లోపల్నించి చూస్తే సముద్రమూ ఒకటే, నుయ్యీ ఒకటే.

క్యారేజీలో పనసపొట్టు కూర ఉంది. ఆవ పెట్టి, ఎండుమిరపకాయలూ జీడిపప్పూ వేసి నేనే చేశాను. డార్మిటరీ వంటగదిలో పనసకాయ కొట్టడమంటే మాటలా? ముందురోజు సాయంత్రం టెక్కా మార్కెట్టు నించి కాయ మోసుకొచ్చి, చేతులకి నూనె రాసుకుని కూర్చున్నాను. మా గదిలో ఉండే కరీంనగర్ శ్యాంసుందర్ గుమ్మంలో నిలబడి ఒకటే నవ్వు.

"ఏందన్నా, పెళ్ళిచూపులకు పోతున్నవా?"

"మేనకోడలొచ్చింది."

"నీకు మేనకోడలున్నదా? ఇన్నేండ్ల సంది ఒక్కపారి గూడ చెప్పలే."

చెప్పుకునే సంగతి కాదు గనక చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

నా చెల్లెలు సుమలత. దాని కూతురు వర్షిత. ఏడేళ్ళ క్రితం వర్షిత ఓణీల పండక్కి సెలవు పెట్టి ఇంటికెళ్ళాను. మేనమామని కదా, పట్టు లంగా ఓణీ నేనే పెట్టాలి. పెట్టాను. బాగానే జరిగింది. భోజనాల దగ్గర చెడింది. ఆ నెల్లోనే పిల్ల జిల్లా పోటీల్లో తైక్వాండోలో పతకం తెచ్చుకుందట. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు ఆ పతకాన్ని చేతులు మార్చుకుంటూ చూస్తున్నారు. బళ్ళో మేష్టారు లేచి నాలుగు ముక్కలు పొగిడారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకెక్కడో కాలింది.

"ఆడగుంటకి తన్నులాటేటి? కాలో చెయ్యో విరిగితే ఎవడు చేసుకుంటాడు? మాన్పించండి" అన్నాను, అందరూ వినేలాగ.

పదమూడేళ్ళ పిల్ల నాకేసి చూసి, "నేను మానను మావయ్యా" అంది. మెల్లిగానే అంది.

"అయితే ఈ ఇంట్లో నా చెయ్యి తడవదు" అని వడ్డించిన విస్తరి ముందు నించి లేచిపోయాను. అందులోనూ పనసపొట్టు కూరే ఉంది. నాకిష్టమని చెల్లెలు పొద్దుటే లేచి కొట్టింది.

మా వైపు తిట్టినా మర్చిపోతారు, కొట్టినా మర్చిపోతారు. విస్తరి వదిలి లేచిపోతే మాత్రం చుట్టరికం తెంపుకున్నట్టే. ఆ తర్వాత చెల్లెలు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. తప్పు నాదని తెలిసినకొద్దీ చెయ్యడం ఇంకా కష్టమైపోయింది.

పది రోజుల క్రితం ఫోన్లో మెసేజి. "మావయ్యా, నేను వర్షితని. ఆడా మగా అందరికీ తైక్వాండో అంతర్జాతీయ పోటీలు సింగపూర్‌లో పెడుతున్నారు. మన దేశం తరఫున నేనొస్తున్నాను, నలభై తొమ్మిది కిలోల్లో. నాకిదే మొదటిసారి. ఆదివారం పాసిర్ రిస్‌లో ఉంటాం. చూడ్డానికొస్తావా?"

నలభై తొమ్మిది కిలోలంటే ఏమిటో నేను పట్టించుకోలేదు. వస్తావా అన్న మాటే చదువుకున్నాను, పదిసార్లు.

*

సముద్రం పక్కన రిసార్టు, జట్లన్నిటికీ బస అక్కడే. నేను చేరేసరికి పదకొండు కావొస్తోంది. తోట నిండా లోకంలో ఉన్న రకాలన్నీ ఉన్నారు. కొరియావాళ్ళు, ఇరాన్‌వాళ్ళు, ఆఫ్రికావాళ్ళు. సగం మంది మండే ఎండలో మెడ దాకా ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని పరిగెడుతున్నారు. ఒక మూల బెంచీ మీద తలుపంత మనిషి ఒకడు కూర్చుని చికెన్ రైస్ తింటున్నాడు. పరిగెత్తేవాళ్ళు ఆయన ముందు నించి పోయినప్పుడల్లా పొట్లం కేసి అదోలా చూస్తున్నారు. ఇదేం పిచ్చి అనుకున్నాను.

"మావయ్యా!"

తిరిగి చూస్తే గుర్తు పట్టలేదు. పొడుగైంది. బుగ్గలు లోపలికి పోయి కళ్ళు మాత్రమే మిగిలాయి. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోయి, మధ్యలో ఏమనుకుందో, రెండు చేతులూ పక్కలకి ఆనించుకుని వాళ్ళ ఆట పద్ధతిలో తల వంచింది. నేనూ తల వంచేశాను. ఇద్దరం నవ్వేశాం. ఏడేళ్ళ ముడి ఇంత తొందరగా విడిపోతుందా అనిపించింది.

"అమ్మెలా ఉంది?"

"బాగుంది. నెంబరు అమ్మే ఇచ్చింది."

క్యారేజీ చెయ్యి మార్చుకుని, "ఏటైనా తిన్నావా?" అన్నాను.

"లేదు మావయ్యా, తర్వాత..."

"తర్వాతేటి, మొహం చూడు, ఎండిపోయిన చేపలాగ. పిల్లలకి తిండి కూడా పెట్టరా వీళ్ళు?"

చెట్టు కింద సిమెంటు బల్ల మీద క్యారేజీ విప్పాను. అరిటాకు కూడా తెచ్చాను, కడిగి మడత పెట్టి. ఆవఘాటు గుప్పుమంది. పిల్ల గుటక వేసింది. వెనక్కి తిరిగి భవనం కేసి ఒకసారి చూసింది. గోడ గడియారం కేసి చూసింది. నా చేతి కేసి చూసింది. అప్పటికే నేను కలిపి ముద్ద చేసి నోటి దాకా తెచ్చాను.

నోరు తెరిచింది.

నాకు చిన్నగా కలపడం రాదు. పనివాడి చెయ్యి, పనివాడి ముద్ద. మూడు పెట్టాను. కళ్ళు మూసుకుని తింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆవ నషాళానికంటిందనుకుని గ్లాసుడు మజ్జిగ ఇచ్చాను. అది కూడా గటగటా తాగింది. నాలుగో ముద్ద కలుపుతున్నాను.

"వర్షితా! యే క్యా కర్ రహీ హో?"

ఏం చేస్తున్నావంటూ ట్రాక్ సూట్ వేసుకున్న ఆడమనిషి, మెడలో విజిల్, పరుగున వచ్చింది. కోచ్ మేడమ్. వచ్చీ రావడమే గ్లాసు లాక్కుని వాసన చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. పనిచేసే ఓడల యార్డులో నాకు నాలుగు హిందీ ముక్కలు అబ్బాయి. ఆవిడ తిట్టినవాటిలో సగమైనా అర్థమయ్యాయి. మిగతా సగం అర్థం కాకపోవడమే మంచిదైంది.

సంగతి ఇది. ఈ ఆటలో ఎంత బరువువాళ్ళు అంత బరువువాళ్ళతోనే తలపడాలి. వర్షిత నలభై తొమ్మిది కిలోల లోపు తూగాలి. రేపు పోటీ, ఇవాళ రెండింటి నించి నాలుగింటి దాకా తూకం. ఒకసారి తప్పితే నాలుగు కొట్టేలోగా ఇంకొక్కసారి చూస్తారు. అప్పుడూ తప్పితే ఇంటికే. నాలుగు వారాల నించి పిల్ల కడుపు మాడ్చుకుంటోంది. నిన్న మధ్యాహ్నం నించి మంచినీళ్ళు కూడా లేవు. పొద్దున్న నలభై ఎనిమిది కిలోల తొమ్మిది వందల గ్రాములు తూగింది. అంతా సరిగ్గా ఉంది. అప్పుడు నేను దిగాను, క్యారేజీతో.

"అంకుల్‌జీ, గ్లాసులో నీళ్ళు పోస్తే గ్లాసు బరువెక్కదా? ఇదీ అంతే" అంది మేడమ్.

ఆ చికెన్ రైస్ మనిషి కేసి చూశాను. అన్నిటికంటే పై తరగతట ఆయనది, బరువుకి హద్దు లేదట. నాకప్పుడు అర్థమైంది, పరిగెత్తేవాళ్ళు అలా ఎందుకు చూస్తున్నారో.

"ఎందుకు తిన్నావమ్మా? వద్దు మావయ్యా అంటే సరిపోయేది కదా" అన్నాను. 

వర్షిత అరిటాకు మీద పడ్డ మెతుకుని వేలితో పక్కకి నెట్టింది.

"ఆ రోజు నువ్వు లేచిపోయేక అమ్మ ఆ విస్తరి తియ్యలేదు మావయ్యా. సాయంత్రం దాకా అలాగే ఉంచింది, తిరిగొస్తావని. కూర ఎండిపోయింది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు నువ్వు పెట్టిన ముద్ద వద్దంటే నేను కూడా లేచిపోయినట్టే కదా."

కలిపిన నాలుగో ముద్దని గిన్నెలో పెట్టి మూత పెట్టేశాను. 

*

రెండింటికి మొదటిసారి తూగింది. మగాళ్ళని లోపలికి రానివ్వరు. తలుపు బయట నిలబడ్డాను. మేడమ్ వచ్చి చేతివేళ్ళు చూపించింది. మూడు. మూడు వందల గ్రాములు ఎక్కువ. అంటే నా ముద్దలూ మజ్జిగా, నిలువునా.

ప్లాస్టిక్ కోటు తొడిగి సముద్రం ఒడ్డున పరిగెత్తించమంది మేడమ్. పిల్ల పది నిమిషాలు పరిగెత్తింది. ఒంటి మీద చుక్క చెమట లేదు. మూడోసారి నా ముందు నించి పోతుంటే ఆపాను.

"మేడమ్‌జీ, పసీనా మేరా కామ్ హై" అన్నాను. చెమట పట్టించడం నా పని అని. అంతకంటే హిందీ రాదు. మిగతాది వర్షిత చెప్పింది.

నేను బడి మానేసింది ఏడో క్లాసులో. నాకు పెద్ద విషయాలేవీ తెలియవు. చెమట గురించి మాత్రం తెలుసు. ఓడ ట్యాంకుల్లో వెల్డింగ్ చేస్తాం. పొద్దున్న దిగి మధ్యాహ్నానికి పైకొస్తే బూట్లు వంపుకోవాలి. చెమటకి ఎండ కాదు కావలసింది. గాలాడకపోవడం కావాలి. సముద్రపు గాలిలో పరిగెత్తితే ఒళ్ళు చల్లబడిపోతుంది, ఉక్కదు.

పక్కనే ఫ్లాట్లవాళ్ళ కారు పార్కింగు, ఆరంతస్తులు. దాని మెట్ల గదికి అన్ని వైపులా గోడే. తలుపు మూసేస్తే మా ట్యాంకుకి తమ్ముడు. నా సంచిలో ఎప్పుడూ కంపెనీ ఇచ్చిన రబ్బరు వానకోటు ఉంటుంది. అది కూడా పైన తొడిగి మెట్లెక్కించాను. పరుగు వద్దన్నాను. ఒక్కో మెట్టూ, నెమ్మదిగా. మేడమ్ గడియారం పట్టుకుని కింద కూర్చుంది. నేను పిల్ల వెనకే ఎక్కాను. నా మోకాళ్ళు ఎప్పుడో పోయాయి, అయినా ఎక్కాను.

"నువ్వెందుకు మావయ్యా?"

"పాపం నాది, నీకొక్కదానికే చెమటా?"

పిల్ల నవ్వింది. నోరు పిడచకట్టుకుపోయి సరిగ్గా నవ్వు రాలేదు.

మూడో అంతస్తులో గుర్తొచ్చి జేబులోంచి చింతపండు ఉండ తీశాను. ట్యాంకులో నోరెండకుండా బుగ్గన పెట్టుకుంటాం, ఉప్పద్ది. నా సంచీల్లో జేబుల్లో ఎక్కడ చూసినా అదే ఉంటుంది.

"మింగకు. బుగ్గన పెట్టుకుని నోరూరినప్పుడల్లా ఉమ్మెయ్యి. ఉమ్మి కూడా బరువే కదా."

"అరే! మేము దీనికి చూయింగ్ గమ్ నముల్తాం. ఇక్కడ దుకాణాల్లో అమ్మట్లేదని మేడమ్ గోల."

"కింద మాత్రం ఉమ్మకు. జరిమానా వేస్తారు. ఇదిగో." ఖాళీ నీళ్ళ సీసా ఇచ్చాను.

అలా ఎక్కాం, దిగాం. నాలుగో విడతకి నుదుటి మీద మొదటి చుక్క పుట్టింది. తర్వాత ఇక ఆగలేదు. వానకోటు అంచుల నించి కారి మెట్ల మీద మచ్చలు పడుతున్నాయి. ప్రతి అంతస్తులోనూ ఆపి ఏదో ఒకటి అడిగాను. మీ వీధి పేరేటి, మీ బళ్ళో మేష్టారి పేరేటి అని. పాతికేళ్ళ కుర్రాడొకడు ట్యాంకులో మా కళ్ళముందే పడిపోయాడు. పడే ముందు మాట తడబడింది, చెమట ఆగిపోయింది. అందుకని అడుగుతాను.

"ఇప్పుడు నన్నడగనివ్వు" అంది. "ఆ రోజు నీకెందుకంత కోపమొచ్చింది? నాకు దెబ్బలు తగుల్తాయనేనా?"

అవునంటే అయిపోయేది. ఏడేళ్ళ నించి నాకు నేను చెప్పుకున్నది కూడా అదే. కానీ ఆ మెట్ల గదిలో, ఆ ఉక్కలో అబద్ధం నోట్లోంచి రాలేదు.

"కుళ్ళు" అన్నాను.

"ఏటీ?"

"కుళ్ళు. నలభై ఏళ్ళొచ్చినా నాకెవడూ చప్పట్లు కొట్టలేదు. ఓడలు చేసేను. అవి నీళ్ళలోకి దిగిన రోజు బ్యాండు కొడతారు, మమ్మల్ని లారీ ఎక్కించి పంపేస్తారు. అలాంటిది పదమూడేళ్ళ గుంటకి అంతమంది చప్పట్లు కొడుతుంటే ఓర్చుకోలేకపోయేను. మేనమామనై ఉండి."

వర్షిత ఎక్కడం ఆపలేదు. రెండు మెట్లు పైనించి, వెనక్కి తిరక్కుండానే రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది. రబ్బరు కోటు చప్పుడు, తడి చేతుల చప్పుడు. ఆ మెట్ల గదిలో పెద్దగా మోగింది.

"ఎందుకే?"

"మోకాళ్ళు లేకుండా అయిదో అంతస్తు ఎక్కేవు కదా. ఇదిగో, సరిపోయిందా?"

ఏం పిల్లరా బాబూ అనుకున్నాను. నా మొహమ్మీద కూడా నీళ్ళే. ఏ నీళ్ళో ఎవరికి తెలుస్తుంది.

*

మూడూ నలభై అయిదుకి మళ్ళీ ఆ తలుపు దగ్గరికి చేరాం. నా చేతిలో వానకోటు, పిల్ల చెప్పులు, సగం నిండిన సీసా. వెల్డింగ్ అతుకు నీళ్ళు కారుతుందో లేదో పరీక్ష చేసేటప్పుడు ఇలాగే నిలబడతాం, ఊపిరి బిగబట్టి. కారితే మళ్ళీ చెయ్యొచ్చు. ఇక్కడ మళ్ళీ లేదు.

తలుపు తెరుచుకుంది. మేడమ్ బయటికొచ్చి నా ముందు నిలబడి ఒక్క క్షణం బిగదీసుకుంది. తర్వాత రెండు చేతులూ పక్కకి పెట్టి నడుము దాకా వంగింది, అచ్చం వాళ్ళ గురువులకి వంగినట్టు. వెనకాల వర్షిత తల బయటికి పెట్టి అరిచింది.

"నలభై ఎనిమిదీ తొమ్మిది వందల అరవై!"

నలభై గ్రాములు తక్కువ.  ఆ గోడకే చేరబడి కూర్చుండిపోయాను.

ముందు మేడమ్ గుక్కగుక్కగా నీళ్ళు తాగించింది, ఉప్పూ పంచదారా కలిపి. అరగంట పోయాక ఆవిడే బల్ల మీద క్యారేజీ చూపించి, ఇక తినిపించమంటూ, "అబ్ ఖిలావో అంకుల్‌జీ" అంది.

కూర మూత తీసి వాసన చూశాను. కొంచెం పులుపెక్కింది, ఆవకూరకి అది మంచిదే. ముద్ద కలపబోతుంటే వర్షిత నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ముందు నువ్వు కూర్చో."

నా ముందు అరిటాకు పరిచింది. అన్నం పెట్టింది, పప్పు వేసింది, ఆకు పై వారన పనసపొట్టు కూర పెట్టింది. సరిగ్గా మా చెల్లెలు వడ్డించినట్టే, కొలత కూడా అదే.

"తిను. మధ్యలో లేచేవంటే మాత్రం తంతాను. నా కాలు ఎంత దూరమొస్తుందో నీకు తెలీదు."

మేడమ్‌కి భాష తెలియకపోయినా నవ్వింది. నేను తిన్నాను. ఆకు చివర మజ్జిగ జారకుండా అరచేత్తో అడ్డం పెట్టి మరీ తిన్నాను. పిల్ల నా ఎదురుగా గిన్నెలోనే కలుపుకుని తింది, మెతుకు మిగల్చకుండా. అయ్యాక ఆకు నా వైపుకి మడిచాను. అలా మడిస్తే చుట్టరికం నిలుస్తుందని మా అమ్మ చెప్పేది. చిన్నప్పుడు నవ్వేవాణ్ణి.

*

సోమవారం నాకు పనే. పోటీలు టోవా పాయో వైపు హాల్లో, నేను తువాస్‌లో. పదింటి టీ టైములో శ్యాంసుందర్ ఫోన్ని గొలుసు డబ్బాకి ఆనించి నిలబెట్టాడు. ఆరుగురం చుట్టూ చేరాం. వర్షిత నీలం కవచంలో ఉంది. అవతల ఎర్ర కవచంలో థాయ్ పిల్ల. ఆట నాకు సగమే తెలిసింది. పిల్ల కాలు భుజం మీదుగా ఎగిసి అవతలిపిల్ల తలకి తగిలినప్పుడు మాత్రం "అబ్బ!" అని ఆరుగురం ఒకేసారి అన్నాం.

"అన్నా, గా తన్ను చూసినవా? ఇగ నువ్వు ఆమెతోని జర జాగ్రత్తగుండాలె" అన్నాడు శ్యాంసుందర్.

నెగ్గింది. అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను. ఫోర్‌మన్ పిలిస్తే ట్యాంకులోకి దిగిపోయాను. అక్కడ సిగ్నల్ ఉండదు.

భోజనానికి పైకొచ్చేసరికి ఫోన్లో వాయిస్ మెసేజి, వర్షిత గొంతు. "మావయ్యా, రెండోది పోయింది. కొరియా పిల్ల. రెండు పాయింట్లలో పోయింది. ఏడుపొస్తోంది. అమ్మకి చెప్తే ఇంకా ఏడుపొస్తుంది, అందుకని చెయ్యలేదు. నువ్వు చెప్పు. మొదటిది నెగ్గేనని కూడా చెప్పు."

గ్లవుజులు తీసి ఆ నెంబరు వెతికాను. ఏడేళ్ళుగా తీసెయ్యనూ లేదు, నొక్కనూ లేదు. మూడు రింగులకే ఎత్తింది.

"ఎవరు?"

"నేనే."

 అవతల కుక్కర్ విజిల్ ఒకటి వినబడింది.

"పిల్ల మొదటి ఆట నెగ్గింది" అన్నాను. "రెండోది రెండు పాయింట్లలో పోయింది. బాగా ఆడింది సుమా. దెబ్బలేం లేవు."

"ఊఁ."

"నేను చప్పట్లు కొట్టేను."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత, ఎన్నడూ ఏమీ జరగనట్టు, రోజూ మాట్లాడుకునేవాళ్ళలాగ అడిగింది.

"అన్నం తిన్నావా అన్నయ్యా?"

ఇంకా తినలేదు. మధ్యాహ్నం డబ్బా నా పక్కనే ఉంది, మూత కూడా తియ్యలేదు. అయినా చెల్లెలు ఏ అన్నం గురించి అడుగుతోందో నాకు తెలుసు.

"నిన్న తిన్నానమ్మా" అన్నాను. "మొత్తం తిన్నాను."